ఆర్వీలో డ్యూయల్ పేన్ కిటికీలు: గ్యాస్ మిగులుతుందని మాత్రం కొనకండి

అమెరికాలో కొత్త ఆర్వీ, అంటే ఇల్లులా వాడుకునే బండి, ట్రావెల్ ట్రైలరో మోటర్‌హోమో ఆర్డర్ పెట్టేటప్పుడు డ్యూయల్ పేన్ (మధ్యలో ఖాళీ వదిలి రెండు గాజులు బిగించిన) కిటికీల ఆప్షన్ దగ్గర అందరూ ఆగుతారు. ప్రొపేన్ ఖర్చు బాగా తగ్గుతుందని డీలర్ ఊదరగొడతాడు. ఆప్షన్ మంచిదే, కానీ ఆయన చెప్పే కారణానికి కాదు.

ముందు గ్యాస్ లెక్క చూద్దాం. మొత్తం కిటికీలు కలిపి 40 చదరపు అడుగులు, లోపల 70 డిగ్రీల ఫారన్‌హీట్, బయట 20 అనుకోండి. అల్యూమినియం ఫ్రేమ్‌లో ఒంటి గాజైతే గంటకు సుమారు 2,200 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి బయటికి పోతుంది, జంట గాజైతే సుమారు 1,200. అంటే మిగిలేది గంటకు వెయ్యి. బండిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ సామర్థ్యం కూడా కలుపుకుంటే 20 పౌండ్ల సిలిండర్ ఒకటి మిగలడానికి రెండు వారాలు పడుతుంది, అదీ రాత్రీపగలూ అంతే చలి ఉంటే. ఆప్షన్‌కి 1,500 డాలర్లు, సిలిండర్ నింపడానికి 20 డాలర్లు అనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు మూడేళ్లు ఏకబిగిన గడ్డకట్టే చలిలో కాపురం చెయ్యాలి. హుకప్ (కరెంటు, నీళ్ల కనెక్షన్) లేనిచోట దిగేవాళ్లకు ఇంకో చిన్న లాభం ఉంది. ఫర్నేస్ తక్కువసేపు తిరుగుతుంది కాబట్టి 7, 8 ఆంపియర్లు లాగే దాని ఫ్యాన్ బ్యాటరీని అంత త్వరగా ఖాళీ చెయ్యదు.

అసలు లాభం తేమ దగ్గరుంది. లోపల 70 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం ఉంటే, 50 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి చోటా నీరు పడుతుంది. పైన చెప్పిన చలిలోనే ఒంటి గాజు లోపలి ముఖం 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. జంట గాజుకి 52, 53 దాకా ఉంటుంది. ఆ ఇరవై డిగ్రీల తేడాలోనే ఉంది విషయమంతా. ఒకదాని మీద నీళ్లు కారతాయి, రెండోది పొడిగా ఉంటుంది. మన వంటలకు ఇది మరీ ముఖ్యం. పౌండు ప్రొపేన్ మండితే పౌండున్నరకు పైగా నీరు పుడుతుంది. ఫర్నేస్‌లో పుట్టింది గొట్టం గుండా బయటికి పోతుంది గానీ, స్టవ్ మీద పుట్టింది ఇంట్లోనే ఉంటుంది. దానికి తోడు కుక్కర్ ఆవిరి, ఇడ్లీ ఆవిరి, రాత్రంతా నలుగురి ఊపిరి. ఒంటి గాజు మీద పేరుకున్న ఆ నీరు ఫ్రేమ్ అంచు దిగి గోడ ప్యానెల్‌లోకి ఇంకుతుంది. కొన్నాళ్లకు లోపలి ప్లైవుడ్ మెత్తబడుతుంది, కిటికీని ఆనుకున్న పరుపు మూల బూజు పడుతుంది. గోడ విప్పి బాగుచేయించే ఖర్చు ముందు గ్యాస్ ఆదా ఏపాటి?

అలాగని అంతా పొడిగా ఉంటుందని చెప్పలేం. చాలా అమెరికన్ ఆర్వీల్లో అల్యూమినియం ఫ్రేమ్‌కి లోపలికీ బయటికీ మధ్య చలిని ఆపే అడ్డు ఉండదు. గాజు పొడిగా ఉన్నా ఫ్రేమ్ చెమరుస్తుంది. మోటర్‌హోమ్‌లో ముందరి అద్దం, డ్రైవర్ తలుపుల అద్దాలు సాధారణంగా డ్యూయల్ పేన్ కావు. రాత్రి అక్కడ మందపాటి కర్టెన్ వెయ్యకపోతే వెనక పెట్టిన ఖర్చులో సగం వృథా.

ఎండకని కొంటున్నారా? టెక్సస్, అరిజోనా వేసవిలో బాధంతా నేరుగా పడే ఎండతోనే. టింట్ లేని జంట గాజు దాన్ని ఆపేది చాలా తక్కువ. కిటికీకి బయటివైపు నీడపట్టు వేస్తే అంతకంటే మేలు. గాజు లోపలివైపు టింట్ ఫిల్మ్ అంటించే ముందు తయారీదారు ఒప్పుకుంటాడో లేదో కనుక్కోండి. గాజు అతిగా వేడెక్కి పగలొచ్చు, సీల్ పోవచ్చు, వారంటీ చెల్లకపోవచ్చు. జనరేటర్ల మోత కొంత తగ్గే మాట మాత్రం నిజం.

ఇక దీని పెద్ద జబ్బు గాజుల మధ్య మంచు పట్టడం, అంటే తేమ చేరి మసకబారడం. రెండు గాజుల అంచున సీల్, దాని లోపల తేమ పీల్చే పొడి నింపిన పట్టీ ఉంటాయి. రోడ్డు కుదుపులకు, ఎండకు సీల్ వదులవుతుంది. ఎత్తు కూడా ఒక కారణమే. దాదాపు సముద్రమట్టంలో సీల్ చేసిన కిటికీ 5,280 అడుగుల డెన్వర్‌కి ఎక్కితే బయటి గాలి ఒత్తిడి ఆరో వంతు తగ్గి, గాజులు బయటికి ఉబ్బి సీల్‌ని లాగుతాయి. కింది ఫ్రేమ్‌లో నీళ్లు పోయే కంతలు మట్టితో పూడుకుంటే సీల్ ఎప్పుడూ నీళ్లలోనే నానుతుంది. ఏడాదికి రెండుసార్లు ఆ కంతల్లో పుల్ల పెట్టి శుభ్రం చేసి, అరకప్పు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయో లేదో చూడండి. మంచు పట్టాక రంధ్రం చేసి ఆరబెట్టడం తాత్కాలికమే. గాజులు విప్పి కడిగి కొత్త సీల్ వేయించాలి, లేదా గాజు మార్చాలి. చాలాకాలం వదిలేస్తే గాజు మీద మరక దిగిపోయి, కడిగినా పోదు.

పాత ఆర్వీ కొనేటప్పుడు పొద్దున్నే చల్లటి వేళ వెళ్లి కిటికీలు చూడండి, మంచు అప్పుడే బయటపడుతుంది. గాజు ముందు ఫోన్ టార్చి వెలిగించి పక్కనుంచి చూస్తే, ఒంటి గాజైతే దగ్గరదగ్గరగా రెండు వెలుగు చుక్కలు, డ్యూయల్ పేన్ అయితే కాస్త ఎడంగా రెండు జతలు కనిపిస్తాయి. బరువూ అడగండి. ఎనిమిదో వంతు అంగుళం మందం గాజు చదరపు అడుగుకి 1.6 పౌండ్లు. 40 చదరపు అడుగులకు రెండో పొర వేస్తే 65 పౌండ్ల దాకా పెరుగుతుంది, మోయగల సామాను బరువులోంచి అంత కోత.

వ్యాన్ కన్వర్షన్ చేసుకునేవాళ్లకు, అంటే మామూలు వ్యాన్‌ని ఇల్లులా మార్చుకునేవాళ్లకు, డొమెటిక్ సైట్జ్ ఎస్4 లాంటి యూరప్ తరహా యాక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) కిటికీలే నయం. తేలిక, దోమతెర, బ్లైండ్ అన్నీ కలిసే వస్తాయి. కాకపోతే గీతలు తొందరగా పడతాయి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, అంతే. పొడిగుడ్డతో రుద్దొద్దు.

కొత్త బండిలో శీతాకాలం గడపాలనుకుంటే వేయించుకోండి. ఉన్న బండికి కిటికీలన్నీ మార్చడం మాత్రం దండగ. దానికి బదులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ష్రింక్ ఫిల్మ్ (వేడికి బిగుసుకునే పల్చటి ప్లాస్టిక్) కిట్ చాలు. ఫ్రేమ్‌ని రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి, చుట్టూ రెండువైపులా అంటుకునే టేపు వేసి, ఫిల్మ్‌ని ప్రతి వైపూ అంగుళం ఎక్కువగా కత్తిరించి అంటించాలి. మూలల నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయర్‌తో ముడతలు పోయేదాకా వేడి చెయ్యాలి. ఎర్ర పిడి ఉన్న ఎమర్జెన్సీ కిటికీకి మాత్రం ఏదీ అంటించొద్దు. వంట చేసేటప్పుడు పైకప్పు వెంట్ అంగుళమైనా తెరిచి ఉంచండి.