పప్పు సూపర్, వైఫైకి మాత్రం గొళ్ళెం కూడా లేదు

మారతహళ్ళిలో పీజీల సందులో ఉన్న ఆంధ్రా మెస్ ఇది, పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మామిడికాయ పప్పు, గోంగూర, అన్నం ఎంత అడిగితే అంత, కందిపొడి మీద నెయ్యి కూడా పిసినారితనం లేకుండా వేస్తారు. సాంబారు మాత్రం బెంగళూరు గాలి సోకి కాస్త తియ్యగా ఉంటది.

పోయిన నెల చేతులు కడుక్కునే దగ్గర క్యూలో నిలబడి ఫోన్ తీస్తే రౌటర్ కంపెనీ పేరుతోనే ఒక వైఫై, ఫుల్ సిగ్నల్, పాస్‌వర్డ్ లేదు, నొక్కగానే కనెక్ట్ అయిపోయింది. బిల్లింగ్ కంప్యూటర్, సీసీ కెమెరాలు కూడా దాని మీదేనట! ఓనర్ బాబాయ్‌కి చెప్తే "పిల్లలు వాడుకుంటార్లే, నెట్టే కదా" అన్నాడు.

నెట్టే కాదు బాబాయ్, ఇలాంటి పాత ఓపెన్ వైఫైలో రౌటర్ వైపు నుంచి ఎన్‌క్రిప్షన్ (డేటాని వేరేవాళ్ళు చదవకుండా వేసే తాళం) అసలు ఉండదు, బ్యాంకు యాప్‌లు సొంతంగా హెచ్‌టీటీపీఎస్ అనే తాళం వాడతాయి కాబట్టి లోపలి డేటా కనపడదు గానీ ఏ సైట్లు చూస్తున్నామో చాలావరకు తెలిసిపోతుంది, పైగా ఎవడైనా అదే పేరుతో ఇంకో హాట్‌స్పాట్ పెడితే మన ఫోన్ తేడా తెలీక దానికి అతుక్కుంటుంది. వైఫైకి పాస్‌వర్డ్‌తో తాళం వేసే డబ్ల్యూపీఏ2 పద్ధతి వచ్చిందే 2004లో, 2018లో దాని తర్వాతి రకం డబ్ల్యూపీఏ3 కూడా వచ్చేసింది, పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. నేనే చేసిపెడతా అంటే "ఆదివారం రా" అన్నాడు, మూడు ఆదివారాలు అయ్యాయి, ప్రతిసారీ కోడి కూర తిని వచ్చేశా.

భోజనానికి 4.5, వైఫైకి సున్నా. ఒంటిగంట లోపు వెళ్ళండి, ఆటో కనెక్ట్ ఆపేసి.