గ్రేస్‌ల్యాండ్ టూర్: ఎల్విస్‌తో పాటు చార్లీని కూడా చూసి రండి

అమెరికాలోని మెంఫిస్‌లో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఉన్న ఇల్లే గ్రేస్‌ల్యాండ్, ఇప్పుడది మ్యూజియం. దాని గురించి తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. ఇల్లు అనుకున్నంత పెద్దది కాదు, టికెట్ ధర మాత్రం ఎక్కువ. రెండూ నిజమే. అయినా ఈ టూర్‌కి వెళ్లమనే చెబుతాం, కాకపోతే ఒక షరతు. ఎల్విస్ ప్రెస్లీ గురించి మాత్రమే కాదు, ఆయన్ని అంటిపెట్టుకుని ఉన్న చార్లీ హాడ్జ్ గురించి కూడా కాస్త తెలుసుకుని వెళ్లండి. అప్పుడు ఆ గదులు వేరే రకంగా కనిపిస్తాయి.

చార్లీది అలబామాలోని డెకేటర్. 1934లో పుట్టాడు. గాస్పెల్, అంటే క్రైస్తవ భక్తిగీతాలు పాడే బృందంలో ఉండేవాడు. 1958 సెప్టెంబరులో అమెరికా సైనికులను జర్మనీకి తీసుకెళ్లిన ఓడలో ఎల్విస్‌తో స్నేహం కుదిరింది. అది 1977 ఆగస్టు 16న ఎల్విస్ పోయేదాకా సాగింది. చార్లీ ఏళ్ల తరబడి గ్రేస్‌ల్యాండ్‌లోనే ఉన్నాడు. ఎల్విస్ చుట్టూ ఉన్న మిత్రబృందాన్ని పత్రికలు ‘మెంఫిస్ మాఫియా’ అనేవి. అందులో ఒకరు ప్రయాణాలు చూసుకుంటే, ఇంకొకరు రక్షణ చూసుకునేవారు. చార్లీ పని వేదిక మీదే.

ఆ పని ఏమిటో 1970ల కచేరీల వీడియో ఏదైనా ఒకటి పెట్టుకుని చూడండి. గిటారు పట్టుకుని ఎల్విస్ పక్కనే నిలబడే పొట్టి మనిషే చార్లీ. హార్మనీ పాడతాడు, అంటే ఎల్విస్ గొంతుకి తోడుగా ఇంకో స్వరం కలుపుతాడు. పాటకీ పాటకీ మధ్య నీళ్లు అందిస్తాడు. ఎల్విస్ వెనక్కి చూడకుండా గిటారు విసిరితే పట్టుకుంటాడు. మెడలో స్కార్ఫ్ వేస్తాడు, ఎల్విస్ దాంతో చెమట తుడుచుకుని ముందు వరుసలో వాళ్లకి ఇచ్చేస్తాడు, చార్లీ వెంటనే ఇంకోటి వేస్తాడు. ఇదంతా పాట ఆగకుండా జరగాలి. 1977 జూన్‌లో రాపిడ్ సిటీ కచేరీలో ఎల్విస్ పియానో ముందు కూర్చుని రెండు చేతులతో వాయిస్తూ పాడుతుంటే, నోటి దగ్గర మైకు పట్టుకుని ఉన్నది చార్లీయే. మైకు మరీ దగ్గరైతే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది, దూరమైతే పియానోలో మునిగిపోతుంది. గాయకుడు తల తిప్పినప్పుడల్లా చెయ్యి కూడా కదలాలి. ఇది పక్కన నిలబడి స్వరం కలిపిన వాడికే సాధ్యం.

ఇక టూర్ సంగతి. పార్కింగ్, టికెట్లు ఇంటికి ఎదురుగా రోడ్డు అవతల ఉన్న పెద్ద కాంప్లెక్స్‌లో. అక్కడి నుంచి షటిల్ బస్సు ఎక్కిస్తారు. చేతికి ఐప్యాడ్, హెడ్‌ఫోన్లు ఇస్తారు, వ్యాఖ్యానం నటుడు జాన్ స్టామోస్‌ది. ఇక్కడే చాలామంది నష్టపోతారు. ప్రతి గదికీ ప్రధాన వ్యాఖ్యానంతో పాటు అదనపు ఫొటోలు, వీడియోలు ఉంటాయి. అవి వాటంతట అవి రావు, తెర మీద నొక్కితేనే వస్తాయి. హెడ్‌ఫోన్లు రెండు చెవులకీ పనిచేస్తున్నాయో లేదో బస్సు ఎక్కకముందే చూసుకోండి. లోపలికి వెళ్లాక మార్చుకోవడం కష్టం. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు, ఇంట్లో వీడియో తియ్యనివ్వరు.

లోపల నెమలి బొమ్మల రంగుటద్దాల వెనకున్న మ్యూజిక్ రూమ్ దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ ఆగండి. పియానో చుట్టూ చేరి గాస్పెల్ పాటలు పాడుకోవడం ఎల్విస్‌కి ఇష్టమైన కాలక్షేపం. చార్లీ స్నేహానికి కూడా మూలం అదే. ఎల్విస్ పగలు పడుకుని రాత్రి మేలుకునే మనిషి కాబట్టి వంటిల్లు, భోజనాల గది, బేస్‌మెంట్‌లో మూడు టీవీలున్న గది అన్నీ అర్ధరాత్రి జీవితానివి. కూడా ఉన్నవాళ్లకి వేళాపాళా ఉండేది కాదు. బేస్‌మెంట్ మెట్లు ఇరుకు, అద్దాల వల్ల కళ్లు మోసపోతాయి, పెద్దవాళ్లని నెమ్మదిగా దింపండి. వీల్‌చెయిర్ అక్కడికి వెళ్లదు.

అన్నిటికన్నా బాగున్నది జంగిల్ రూమ్. నేలమీదే కాదు, పైకప్పుకి కూడా పచ్చటి దట్టమైన కార్పెట్. చూసి నవ్వుకుంటారు గానీ, శబ్దం ప్రతిధ్వనించకుండా ఆ కార్పెటే పీల్చుకుంటుంది. 1976లో స్టూడియోకి వెళ్లడానికి ఎల్విస్ ఇష్టపడకపోతే ఆయన పాటలు విడుదల చేసే ఆర్‌సీఏ కంపెనీ రికార్డింగ్ ట్రక్కునే ఇంటికి పంపింది. ఫిబ్రవరిలో, మళ్లీ అక్టోబరులో ఈ గదిలోనే రికార్డింగులు జరిగాయి.

వెనక తోటలో సమాధులున్నాయి. మొదట ఎల్విస్‌ని ఫారెస్ట్ హిల్ శ్మశానంలో ఉంచారు, 1977 అక్టోబరులో ఇక్కడికి మార్చారు. ఆగస్టు 18న శవపేటిక మోసినవాళ్లలో చార్లీ ఒకడు. చార్లీ 2006లో కన్నుమూశాడు.

ఇంటికి గంట చాలు. కాంప్లెక్స్‌కి ఇంకో రెండు, మూడు గంటలు పెట్టుకోండి. అక్కడ ఎల్విస్ కార్లకన్నా ముందు ఆయన వేదిక దుస్తులు చూడండి. రాళ్లు, లోహపు పనితో నిండిన ఆ జంప్‌సూట్లు, బెల్టుల బరువు చూస్తే నీళ్ల గ్లాసు, స్కార్ఫ్ ఎందుకంత అవసరమో అర్థమవుతుంది. కూతురి పేరు పెట్టుకున్న ఎల్విస్ సొంత విమానం ‘లీసా మేరీ’ తోక మీద మెరుపు గీతతో టీసీబీ (‘టేకింగ్ కేర్ ఆఫ్ బిజినెస్’, ఎల్విస్ నినాదం) అక్షరాలుంటాయి. అవే అక్షరాల గొలుసులు ఎల్విస్ తన మనుషులకి చేయించి ఇచ్చాడు. ఒక గదికీ ఇంకో గదికీ మధ్య దుకాణాలు మరీ ఎక్కువ, అది మాత్రం విసుగే. వ్యాఖ్యానం కూడా ఎల్విస్ చుట్టూ, కుటుంబం చుట్టూనే తిరుగుతుంది. కాబట్టి చార్లీ గురించి ముందే చదువుకుని వెళ్లాలి.

నాష్‌విల్ నుంచి కారులో మూడు గంటల పైచిలుకు. పొద్దున మొదటి స్లాట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే వెనక నుంచి తోసే జనం ఉండరు. జనవరి 8న ఎల్విస్ పుట్టినరోజు, ఆగస్టు మధ్యలో వర్ధంతికి జరిగే ఎల్విస్ వీక్ అభిమానులకి పండగ, తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకి ఇబ్బంది. చలికాలంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది, వెబ్‌సైట్ చూసుకుని బయలుదేరండి. వీఐపీ టికెట్‌తో ముఖ్యంగా క్యూ తప్పుతుంది. పై అంతస్తు మాత్రం ఆ టికెట్‌కి కూడా తెరవరు, దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి.