వంశవృక్షం చేసిస్తామనే వాళ్ళ చేతికి అసలు పుస్తకం ఇవ్వకండి

మర్రిచెట్టు బొమ్మ వేసి "మీ ఏడు తరాలు మీ గోడ మీద" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. వాళ్ళ గురించే ఇది. 18,000 ముందే కట్టాను. డబ్బు పోతే పోయింది. మా తాతగారి నోటుపుస్తకం పోయింది.

తాతగారు కరణీకం చేసిన మనిషి. 1984లో ఆ పదవులు రద్దయ్యాక ఇంట్లో కూర్చుని రాసిన పుస్తకం అది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఆడపిల్లల్ని ఏ ఇంటికిచ్చారు, ఎవరు ఏ తిథిన పోయారు, అన్నీ ఉన్నాయి. ఒక పేజీలో తన చిన్నచెల్లెలి పేరు రాసి, పక్కన "ఆరో ఏట, అమ్మవారు పోసి" అని రాశారు. ఆ కింద రెండు గీతలు ఖాళీగా వదిలేశారు. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్పుకుంటాం. ఆ పాప పేరు అందులో రాదు, ఆ పుస్తకంలోనే ఉంది. అదంతా మనవలకు చూపించాలని నాన్నగారి కోరిక. అందుకే ఇచ్చాం.

నెలన్నర తిప్పి పీడీఎఫ్ పంపారు. తెరవగానే గోత్రం తప్పు. మాది కౌండిన్యస, వాళ్ళు కాశ్యప అని వేశారు. మా ఇంటిపేరు ఊరిపేరు మీద వచ్చింది. అదే ఇంటిపేరుతో మాకు ఏ చుట్టరికమూ లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళలో ఎవరిదో తెచ్చి మాకు అతికించారు. తాతగారి తాత పోయింది కీలక నామ సంవత్సరం మార్గశిరంలో, అంటే 1908. వీళ్ళు 1968 అని వేశారు! అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుందన్న ఆలోచన కూడా లేదు. 1968లో మా నాన్న పీయూసీ చదువుతున్నారు. ఇంట్లో చావు జరిగితే ఆయనకు తెలియదా?

ఫోన్ చేసి అదే అడిగాను. స్పీకర్ ఆన్‌లో ఉంది, నాన్న పక్కనే కుర్చీలో ఉన్నారు. "పెద్దాయనకు ఏం గుర్తుంటుందండీ, మా రికార్డే కరెక్ట్" అన్నాడు. సరే, మా పుస్తకం మాకు పంపెయ్యండి అన్నాను. "స్కాన్ అయ్యాక పాత కాగితాలు ఉంచమండీ, చెదలు పడతాయి. తీసేశాం."

తీసేశారట. 80 పేజీల పుస్తకం. స్కాన్ అయినా పంపమంటే వచ్చినవి 11 పేజీలు. చెల్లెలి పేజీ వాటిలో లేదు. నాన్న ఒక్క మాట అనలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డారు. మళ్ళీ ఫోన్ చేస్తే నా నంబరు బ్లాక్ చేశారు.

తప్పు నాది కూడా. 80 పేజీలు ఫోన్‌తో ఫోటో తీయడానికి గంట పట్టదు. ఇన్నేళ్ళూ బీరువాలో దాచుకున్నామే గానీ తమ్ముడికో, మేనత్త పిల్లలకో ఒక్క జిరాక్స్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈపాటికి నాలుగిళ్ళలో ఉండేది.

ఎవరైనా మీ పూర్వీకుల పేరు పాత భూమి రికార్డైన ఆర్‌ఎస్‌ఆర్‌లో దొరికిందంటే ఏ ఊరు, ఏ సర్వే నంబరు అని అడగండి. అందులో పట్టాదారు పేరు ఉంటుంది గానీ వంశం మొత్తం ఉండదు.

మేనత్తకు 81 ఏళ్ళు. ఆదివారం నాన్నను తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నాం. కొత్త నోటుపుస్తకం కొన్నాను, మొదటి పేజీలో ఆ పాప పేరు రాశాను. వీళ్ళకు పుస్తకాలు, తాటాకులు, పాత ఫోటోలు ఇచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇవాళే వెళ్ళి వెనక్కి తెచ్చుకోండి.