పాత కారు కొనేటప్పుడు: పెట్రోలు ట్యాంకు డిక్కీ కింద ఉంటే మేలా, సీటు కింద ఉంటే మేలా?

ఆర్నెల్ల కింద 2003 మోడల్ శాంట్రో కొన్నాను. అప్పట్నుంచి ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో మనవాళ్ళదీ, అనంతపురంలో చుట్టాలదీ ఒకటే ప్రశ్న: పిల్లలు కూర్చునే సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుందటగా, వెనక నుంచి ఏ లారీయో గుద్దితే ఏంటి పరిస్థితి అని. మా బావమరిదైతే "నీ డబ్బా కన్నా పాత మారుతి జిప్సీ నయం కదా బావా, ట్యాంకు ఎక్కడో వెనకాల ఉంటుంది, మనకు దూరం" అన్నాడు. వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

నేను చూసే దూరం వేరు. ట్యాంకుకీ వెనక బంపర్‌కీ మధ్య ఎంత జాగా ఉంది, అదీ నా లెక్క. జిప్సీని పిట్ మీద పెట్టి కింద నుంచి చూడండి, వెనక యాక్సిల్ (చక్రాల మధ్య ఇరుసు) దాటాక, బంపర్‌కి ముందు, ఛాసిస్ పట్టీల మధ్య ట్యాంకు వేలాడుతూ కనిపిస్తుంది. వెనక నుంచి గట్టిగా గుద్దితే నలగాల్సిన చోటు సరిగ్గా అదే. పెట్రోలు నీళ్ళలాగే నొక్కితే కుంచించుకుపోదు కాబట్టి, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రేకు సొట్టపడితే లోపల ఒత్తిడంతా అతుకుల మీదా మూత మీదా పడుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. ఇక ముందుకి తోసుకొచ్చిన ట్యాంకుకి అడ్డం ఏముంది? యాక్సిల్, దాని మధ్యలో ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే, ఇనప గుండులాంటి డిఫరెన్షియల్.

అమెరికాలో ఫోర్డ్ పింటో గొడవ ఇదే. 1971 మోడల్‌గా వచ్చిన చిన్న కారు, ట్యాంకు యాక్సిల్ వెనకాల. వెనక నుంచి గుద్దితే ట్యాంకు ముందుకొచ్చి డిఫరెన్షియల్ బోల్టులకు గుచ్చుకునేది, పెట్రోలు పోసే పైపు ట్యాంకులోంచి ఊడొచ్చేది. చివరికి 1978లో దాదాపు 15 లక్షల కార్లు వెనక్కి పిలిచి ఏం చేశారంటే, ట్యాంకుకీ డిఫరెన్షియల్‌కీ మధ్య ప్లాస్టిక్ కవచం పెట్టి, పోసే పైపుని ఇంకొంచెం లోపలికి దిగేలా మార్చారు. అంతే. అది పాతకాలం సంగతి అనుకోకండి, 1993 నుంచి 2004 దాకా వచ్చిన జీప్ గ్రాండ్ చెరోకీల్లోనూ ట్యాంకు అక్కడే. 2013లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 27 లక్షల జీపుల్ని వెనక్కి పిలవమంటే, కంపెనీ బేరమాడి 15 లక్షల పైచిలుకు జీపులకు ఒప్పుకుంది. చేసిన రిపేరు, వెనకాల ట్రైలర్ తగిలించే ఇనప హుక్కు బిగించడం! (మన దగ్గర జిప్సీకి అందం కోసం వెనక గార్డులు పెట్టిస్తారు చూడండి, వాటికీ దీనికీ పోలిక పెట్టకండి. ఎవరూ పరీక్షించని గార్డు పొడుచుకెళ్ళి ట్యాంకుకే తగలొచ్చు.)

ఇప్పుడు శాంట్రో. ముందు చక్రాలు లాగే కారు, వెనక డిఫరెన్షియలే లేదు. ట్యాంకు వెనక సీటు కింద, వెనక యాక్సిల్‌కి ముందు ఉంటుంది. దాన్ని చేరాలంటే గుద్దిన బండి బంపర్, డిక్కీ, స్టెప్నీ, వెనక చక్రాలు, యాక్సిల్ అన్నీ దాటి రావాలి. పక్కల నుంచి డోర్ల కింద పట్టీల కాపలా. పిల్లల కింద పెట్రోలు అంటే వినడానికి గుండె గుభేలుమంటుంది, నాకూ అంతే, కానీ కారు మొత్తంలో అన్నిటికంటే ఆలస్యంగా నలిగే చోటు అదే. ఈ ఒక్క కారణానికే నేను జిప్సీ వదిలేసి డబ్బా తెచ్చుకున్నా. లేకపోతే జిప్సీ అంటే నాకూ ప్రాణమే.

కాకపోతే ఇరవై ఏళ్ళు దాటిన బండికి చోటు ఒక్కటే సరిపోదు. నాకు అమ్మినాయన "షోరూమ్ కండిషన్ సార్" అన్నాడు, ఫుల్ ట్యాంక్ కొట్టించి దేవనహళ్ళి వైపు వెళ్తుంటే మలుపు తిరిగినప్పుడల్లా లోపల పెట్రోలు వాసన. చూస్తే పోసే పైపుకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు గొట్టం ఎండి చీరికలు పడింది. ఏ గుద్దూ లేకుండానే కారుతుంటే ఇక గుద్దితే చెప్పేదేముంది. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత బండ్ల రబ్బర్లు దానికోసం చేసినవి కావు. ఆ గొట్టం, క్లిప్పులు, మూత వాషరు మార్పించడానికి పెద్ద ఖర్చేం కాలేదు, మెకానిక్ చేత ట్యాంకు దింపించడమే పని. దింపినప్పుడు ట్యాంకు పైభాగం కూడా చూడమనండి, బురద అక్కడే పేరుకుని తుప్పు పడుతుంది, కింద నుంచి చూస్తే కనపడదు. చెన్నైలో సముద్రం దగ్గర తిరిగిన బండైతే మరీ.

గ్యాస్ కిట్ ఉన్న పాత కార్ల గురించి కూడా అడుగుతున్నారు. సిలిండర్ దృఢమైందే, సీఎన్‌జీది 200 బార్ ఒత్తిడికి చేసిందే. నా భయం దాన్ని డిక్కీలో పట్టి ఉంచిన క్లాంపుల మీద, వాల్వు మీద. మూడేళ్ళకోసారి చేయించాల్సిన పరీక్ష తేదీ ప్లేటు మీద చూసుకోండి, లేకపోతే బేరం వదిలేయండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే బేస్‌మెంటులో నేల మీదే నిలుస్తుంది, కాబట్టి అపార్టుమెంటు వాళ్ళకు నేనైతే వద్దంటా.

పాత విల్లీస్ తరహా జీపుల్లో ట్యాంకు డ్రైవర్ సీటు కిందే. వెనక దెబ్బకి ఫర్వాలేదు, పక్క దెబ్బకి దేవుడే దిక్కు. బీటిల్‌లో ముందు బానెట్ కింద. ఇవి ఆదివారం బయటకు తీసే బండ్లు కాబట్టి వదిలేద్దాం. డీజిల్ అయితే అంత తేలిగ్గా ఆవిరవదు, అంటుకోదు, అందుకని నిప్పు భయం తక్కువ, కానీ ఇంజిన్ వేడి మీద చిమ్మితే అదీ అంటుకుంటుంది.

ఇంత చెప్పినా మా బావమరిది హొసూరులో ఒక జిప్సీకి అడ్వాన్సు ఇచ్చేశాడు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. టార్చీ, పడుకోవడానికి పాత గోనెపట్టా నేను పట్టుకెళ్తున్నా. వెనక ఇనప గార్డు ఉంటే ముందు అది విప్పించే పూచీ వాడిదని ఒప్పించా.