ఆరేళ్లుగా గిట్‌లో ఆట నోట్సు

ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్ గిట్. కోడ్‌కి దాన్ని వాడటంలో వింతేమీ లేదు. నేను దాన్ని ఆరేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, కథ అల్లుకుంటూ ఆడే ఆట నోట్సుకి కూడా వాడుతున్నాను. మా ఆటలో కథ నడిపే డంజన్ మాస్టర్ని నేనే. ఊళ్లు, రాక్షసులు, ఎవరు ఎవరికి బాకీ, అన్నీ నేనే గుర్తుపెట్టుకోవాలి. ఆటగాళ్లు మాత్రం ఏడాది కిందట నేను నోరుజారి అన్న మాటను పట్టుకుని నిలదీస్తారు.

ఒకసారి ఇలాగే గొడవైంది. సత్రం ముసలాయన చచ్చిపోయాడని నేను, మొన్ననే గుర్రాలు అద్దెకిచ్చాడు కదా అని వాళ్లు. 'గిట్ లాగ్ -ఎస్' (పెద్ద S) అని కొట్టి పక్కన ఆయన పేరు ఇచ్చాను. ఆ పేరు ఫైల్లోకి కొత్తగా చేరిన, ఫైల్లోంచి పోయిన కమిట్లే (మెసేజ్ రాసి గిట్‌లో భద్రపరిచిన మార్పులు) వచ్చాయి. ఒకదాని మెసేజ్: 'సత్రం తగలబడింది, ముసలాయన పోయాడు'. తేదీతో సహా! వాదన నేనే గెలిచాను. మరి గుర్రాలెవరిచ్చారు? తప్పు నాదే. చేసేది లేక ఆయన్ని దెయ్యం చేసేశాను.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ని రాసింది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ కోసం, నా సత్రం కోసం కాదు. అందుకే తేడాలు లైన్ల లెక్కన చూపిస్తుంది. పేరా మొత్తం ఒకే లైనుగా రాస్తే, ఒక్క కామా మార్చినా పేరా అంతా ఒకసారి ఎర్రగా (తీసేసినట్టు), ఇంకోసారి పచ్చగా (చేర్చినట్టు) కనబడుతుంది. ఇప్పుడు వాక్యానికో లైను రాస్తున్నాను, ఆ గోల పోయింది. మ్యాపుల బొమ్మలు మాత్రం ఇందులో పెట్టకండి. మార్చిన ప్రతిసారీ దాదాపు కొత్త ఫైలంత చోటు తింటాయి, తర్వాత డిలీట్ చేసినా హిస్టరీలోంచి పోవు.

కమాండ్ల పేర్లు ఇంకో గందరగోళం. బ్రాంచి (విడిగా సాగే మార్పుల వరుస) మారడానికీ, ఫైల్లో మార్పులు వదిలేయడానికీ ఒకటే 'చెకౌట్'. 2019లో 2.23 వెర్షన్‌తో 'స్విచ్', 'రీస్టోర్' విడివిడిగా వచ్చాయి కానీ, నా వేళ్లు ఇంకా పాతదే కొడుతున్నాయి.

పెద్ద దెబ్బ, కమిట్ చేయని మార్పుల్ని చెరిపేసే 'రీసెట్ --హార్డ్'తో తగిలింది. ఆటకి గంట ముందు, వేరే ఫైలేదో సరిచేస్తూ కొట్టేశాను. కమిట్ చేసి ఉంటే రీఫ్లాగ్‌లో (గిట్ దాచుకునే పాత కమిట్ల చిట్టా) దొరికేది. మామూలు సెట్టింగుల్లో ఏ బ్రాంచికీ చెందకుండా విడిపోయిన కమిట్లకు కూడా అందులో 30 రోజుల గడువుంటుంది. నేను కమిట్ చెయ్యలేదు. గుహలో మూడు గదులు గల్లంతు. ఆ రాత్రి దారిలో వాన కురిపించి, అందర్నీ సత్రం దెయ్యంతో మాట్లాడించి గండం గడిపాను.

నోట్సు ఒక్కరే రాసుకుంటే, టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) అలవాటుంటే, ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. ఇద్దరు కలిసి రాస్తే కష్టం. ఇద్దరి మార్పులు ఒకేచోట ఢీకొంటే గిట్ ఫైల్లో పెట్టే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ గుర్తుల్ని నా స్నేహితుడు మొదటిసారి చూసి ఫైలు పాడైందనుకుని మొత్తం చెరిపేశాడు.

ఆట మధ్యలో నేను ల్యాప్‌టాప్ తెరవను. పెన్సిలుతో చీటీలు రాసుకుని, ఆ రాత్రే టైపు చేసి కమిట్ కొడతాను. పొద్దున చూద్దాంలే అనుకున్న వారం చీటీ ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది: 'నీలం తలుపు, 3 దెబ్బలు, ఆమెకి చెప్పొద్దు'. ఆ ఆమె ఎవరో ఇప్పటికీ అంతుపట్టలేదు.