పళ్ళ వైద్యానికి డెంటల్ కాలేజీనా, ప్రైవేటు క్లినిక్కా: తిరుపతి చుట్టుపక్కలవాళ్ళకు ఏది మేలు?

పుత్తూరు, చంద్రగిరి, పాకాల వైపు నుంచి ఎవరు పలకరించినా పంటి నొప్పి మాట వస్తే అడిగేది ఇదే. “కాలేజీలో స్టూడెంట్ల చేత చేయించుకోవచ్చా, డబ్బులు పోతే పోయాయని టౌన్లో క్లినిక్కుకే పోవాలా?” నేర్చుకునే పిల్లలు మన నోట్లో ప్రయోగాలు చేస్తారేమోనని వాళ్ళ భయం.

నేర్చుకునేది మన నోట్లోనే, అందులో దాపరికమేమీ లేదు. కానీ నేరుగా మన మీదకు రారు. బీడీఎస్ నాలుగేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి రెండేళ్ళు బొమ్మ దవడల మీద, పీకేసిన పళ్ళ మీద చెయ్యి తిప్పాకే, మూడో ఏడాదిలో పేషెంట్ల దగ్గరకు పంపుతారు. ఇక పీజీలంటే బీడీఎస్ పూర్తిచేసిన డాక్టర్లే. దవడపన్ను రూట్ కెనాల్ (పంటి వేరు లోపల శుభ్రం చేసి నింపే పని) లాంటివి చాలావరకు వాళ్ళ చేతికే వెళ్తాయి.

చేతిపని సంగతికొస్తే నాకు కాలేజీ మీదే గురి. రూట్ కెనాల్ చేసేటప్పుడు ఆ సన్నటి సూదిలాంటి ఫైలు మీద చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది, చూశారా? వేరు ఎంత పొడవుందో ఎక్స్‌రేలో చూసి, దాన్ని అక్కడికి జరుపుతారు. కాలేజీలో స్టూడెంటు ఆ కొలత తీసి, ఎక్స్‌రే పట్టుకుని స్టాఫ్ దగ్గరకు పరిగెత్తాలి. సార్ చూసి సంతకం పెడితేనే తరువాతి పని. మన ప్రాణానికి విసుగే గానీ, ప్రతి మెట్టు దగ్గరా రెండో కన్ను పడుతుంది. క్లినిక్కులో ఒక్క డాక్టరే ఉంటే, ఆయన చేసిందే చేత. చేయి మంచిదైతే ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోతుంది, హాయి.

పేషెంట్ల తృప్తి మీద ఇలాంటి కాలేజీల్లో చేసే సర్వేల్లోనూ తరచూ ఇదే కనిపిస్తుంది. మాటతీరుకు, ఓపిగ్గా విడమర్చి చెప్పడానికి మంచి మార్కులు. కూర్చోబెట్టడానికి, తిప్పించుకోవడానికి చీవాట్లు.

నన్నడిగితే తేల్చాల్సింది చెయ్యి ఎవరిదని కాదు, మొదలుపెట్టినవాళ్ళే ముగిస్తారా లేదా అని. స్టూడెంట్లకు పోస్టింగులు మారుతుంటాయి, పరీక్షలొస్తాయి, ఇంటర్న్‌షిప్ అయిపోతే ఊరే వదిలి వెళ్ళిపోతారు. పంట్లో లవంగం వాసన వేసే తాత్కాలిక సిమెంటు పెట్టి “వచ్చే వారం రండి” అంటారు. వారం పోయి వెళితే ఆ అమ్మాయి వేరే డిపార్ట్‌మెంటులో ఉంటుంది. కొత్తవాళ్ళు కేస్ షీటు తిరగేసి మళ్ళీ మొదటి నుంచి అడుగుతారు. విసిగిపోయి మనం మానేస్తాం. నొప్పి లేదు కదా అని ధీమా. ఆ సిమెంటేమో కొన్నాళ్ళకు అరిగి, సందులోంచి ఉమ్మి దిగి, లోపల మళ్ళీ చీము పడుతుంది. చివరికి పన్ను పీకించుకుని, తిట్లు మాత్రం స్టూడెంట్లకు పెడతాం. కాబట్టి కుర్చీ ఎక్కకముందే “అమ్మా, ఈ పోస్టింగు ఎప్పటిదాకా? క్యాప్ వేసేదాకా మీరే చూస్తారా?” అని అడిగేయండి. నొచ్చుకోరు. నెలాఖరుకు మారిపోతామంటే, ఆ కేసు పీజీకి ఇమ్మని స్టాఫ్‌నే అడగండి. ఫోన్ నంబరు తీసుకోవడం మరవొద్దు.

కట్టుడు పళ్ళ సెట్టుకైతే రెండో ఆలోచన లేకుండా కాలేజీకే పొమ్మంటాను. అచ్చులు రెండుసార్లు, మైనం దిమ్మెలతో దవడ ఎత్తు కొలవడం, మైనంలో పళ్ళు పేర్చి పెట్టి చూడటం, ఆ తరువాతే సెట్టు. సెట్టు కేసులు ఇన్ని చేయాలని స్టూడెంట్లకు కోటా ఉంటుంది, అందుకని పెద్దాయనను వాళ్ళే వదలరు. “తాతా, రేపు పొద్దున్నే రావాలి, మర్చిపోకు” అని ఫోన్ల మీద ఫోన్లు. మైనంలో పళ్ళు పెట్టి చూపించే రోజు అవ్వను కూడా వెంట తీసుకుపొమ్మనండి. “ముందు పళ్ళు ఇంత పెద్దవా!” అని ఆమె ఆ రోజు అంటే మార్చడం తేలిక, సెట్టు తయారయ్యాక ఎవరూ ఏమీ చేయలేరు.

క్లీనింగుకు ఎక్కడైనా ఒకటే, చవకైన చోటికి పొండి. ఒక్క పన్ను పీకించుకోవాలంటే తిరుపతిలోని రుయా సర్కారు ఆసుపత్రి చాలు, బీపీ, షుగరు చీటీలు వెంట ఉంచుకోండి. చిత్తూరువాళ్ళకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి కూడా అందుబాటులోనే ఉంది, కాకపోతే చిన్న పనికి అంత దూరం ఎందుకు?

రోజు కూలీ మీద బతికేవాళ్ళ లెక్క వేరు. కాలేజీలో ఫీజు మిగిలినా, వెళ్ళిన ప్రతిసారీ ఒక పూట కూలీ, బస్సు చార్జీ పోతాయి. రూట్ కెనాల్‌కు ఎన్నిసార్లు రావాలో ముందే అడిగి, ఆ కూలీ అంతా కూడితే క్లినిక్కు ఫీజు దగ్గరకు వస్తోందా, ఇక క్లినిక్కుకే పొండి. అక్కడ కూడా రూట్ కెనాల్ పనికి స్పెషలిస్టు ఫలానా రోజున వస్తారేమో కనుక్కుని, ఆ రోజే వెళ్ళండి.