ప్రైమస్ ‘సెయిలింగ్ ద సీస్ ఆఫ్ చీజ్’: ఏళ్ల తరబడి విన్నాక

ప్రైమస్ అనే అమెరికన్ రాక్ బృందం చేసిన ఈ ఆల్బమ్ మీద కొత్తగా వినేవాళ్ల ఫిర్యాదులు మూడే. పాడేవాడు ముక్కుతో పాడుతున్నాడు. గిటారు శ్రుతి తప్పినట్టుంది. మెటల్ (భారీ మోతల రాక్) అన్నారు గానీ బరువు లేదు. మూడూ నిజమే. ఎన్నేళ్లు విన్నా ఆ ముక్కు గొంతు అలాగే ఉంటుంది, గిటారు దారికి రాదు. మన చెవి మాత్రం వేరే దాన్ని పట్టుకుని నడవడం నేర్చుకుంటుంది.

ముందు సరుకు సంగతి. 1991 మేలో ఇంటర్‌స్కోప్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. 13 ట్రాకులు, దాదాపు 45 నిమిషాలు. బృందంలో ముగ్గురే, శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతం వాళ్లు: బేస్ గిటారు, గొంతు లెస్ క్లేపూల్; గిటారు లారీ లలాండ్; డ్రమ్స్ టిమ్ అలెగ్జాండర్. ‘సౌత్ పార్క్’ కార్టూన్ టైటిల్ పాట విన్నవాళ్లు వీళ్లను ఇదివరకే విన్నట్టు.

మామూలు రాక్ బ్యాండులో గిటారు పట్టిన కార్డ్‌కి (కలిపి మోగించే స్వరాల గుత్తికి) మూలస్వరం ఏదో బేస్ దాన్నే కింద మోస్తుంది. సినిమా ఆర్కెస్ట్రాలోనూ ఎక్కువగా అదే పని. ఇక్కడ పాటను నడిపేది బేస్, తాళం మోసేది డ్రమ్స్, గిటారుది పక్కన చేరి వెక్కిరించే పని. బుర్రకథ తెలిసినవాళ్లకు ఈ పంపకం కొత్త కాదు: ముగ్గురు మనుషులు, మధ్యలో తంబురాతో కథకుడు, పక్కన హాస్యగాడు. లలాండ్‌ది అచ్చంగా ఆ హాస్యగాడి పాత్ర. ఇదే మనిషి 1985లో పొసెస్డ్ బృందంలో డెత్ మెటల్ గిటారు వాయించాడు, పేరున్న గిటారిస్టు జో సాట్రియానీ దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. కాబట్టి ఆ అపస్వరాలు చేతకాక వచ్చినవని అనుకోనక్కర్లేదు. ఇళయరాజా పాటల్లో బేస్‌ను విడిగా పట్టుకుని వినే అలవాటున్నవాళ్లకు ఈ ఆల్బమ్ త్వరగా లొంగుతుంది. మెటల్ రిఫ్‌ల (పదేపదే తిరిగొచ్చే గిటారు పదాల) కోసం వచ్చినవాళ్లకు ఆలస్యమవుతుంది.

మొదటి ట్రాకు నుంచి వరసగా మొదలుపెట్టకండి. అది నిమిషం కూడా లేని ఉపోద్ఘాతం. ‘టామీ ద క్యాట్’తో మొదలుపెట్టి, అదే పాట మూడుసార్లు వినండి: ఒకసారి బేస్ ఒక్కటే, ఒకసారి కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక్కటే, ఒకసారి గిటారు ఒక్కటే. మూడో విడతకు గిటారు ఎక్కడెక్కడ దూరుతోందో అర్థమవుతుంది. బేస్ వదిలిన సందుల్లోనే అది మాట్లాడుతుంది.

ఆ పాటలో బేస్ పని దగ్గరగా చూడాల్సింది. బొటనవేలితో తీగను కొట్టడం, చూపుడువేలితో లాగి వదలడం, మధ్యలో వేళ్లను కిందికీ పైకీ ఆడిస్తూ తీగలన్నిటినీ గిటారులా గీరడం, ఇవన్నీ ఒకే పదంలో కలిసిపోతాయి. వినబడే చప్పుళ్లలో చాలావాటికి స్వరమే ఉండదు. ఎడమచేతి వేళ్లు తీగల మీద ఊరికే ఆని ఉంటాయి, కుడిచేయి కొడుతుంది, ‘టక్’మని డప్పు మోత వస్తుంది. ఆ టక్కులకూ అలెగ్జాండర్ కొట్టే స్నేర్ డ్రమ్‌కూ మధ్య దూరం గమనిస్తే ఈ పాట ఇన్నేళ్లయినా ఎందుకు పాతబడలేదో తెలుస్తుంది. పిల్లి గొంతు గాయకుడు టామ్ వెయిట్స్‌ది. కథ చెప్పే గొంతు క్లేపూల్‌ది, గుక్క తిప్పుకోని వచనం. మాటలు అందకపోయినా నష్టం లేదు, నోటితో వాయించిన తాళంగా విన్నా సరిపోతుంది.

‘ఎలెవెన్’ పేరులోనే లెక్క ఉంది: 11/8, అంటే ఆవర్తనానికి 11 దెబ్బలు. చప్పట్లు కొట్టబోయేవాళ్లు చేసే తప్పు ఒకటే, అలవాటు కొద్దీ 12కి సాగదీస్తారు. రెండో ఆవర్తనానికే తేడా బయటపడుతుంది. ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెడితే తెలుగు అంకెల్లో అక్షరాలు ఎక్కువై నాలుక తిరగదు. ‘తకధిమి తకిట తకధిమి’ అనుకోండి, నాలుగు, మూడు, నాలుగు, సరిగ్గా 11. ఇది లెక్క తప్పకుండా ఉండటానికే, పాటలో దెబ్బలు అక్కడే పడాలని లేదు. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకు తిశ్ర జాతి ధ్రువతాళంలో 3, 2, 3, 3 కలిపితే వచ్చేది ఇదే సంఖ్య కదా. ఇంత లెక్కా వేశాక కూడా పాట తూగుతుంది, కాళ్లు ఆడతాయి. ఆల్బమ్‌లో నా మార్కులు అన్నిటికన్నా ఎక్కువ దీనికే.

‘జెర్రీ వాజ్ ఎ రేస్ కార్ డ్రైవర్’ చాలామందికి 1999 నాటి టోనీ హాక్ స్కేట్‌బోర్డు వీడియో గేమ్ ద్వారా తెలుసు. ఆరు తీగల ఫ్రెట్‌లెస్ బేస్ మీద ట్యాపింగ్‌తో కట్టిన పాట ఇది, అంటే కొట్టకుండా వేళ్లతో తీగను బేస్ మెడ పలక మీద నొక్కుతూ పలికించడం. ఫ్రెట్‌లెస్ కాబట్టి ఆ పలకకు వీణ మెట్ల లాంటి గట్లు ఉండవు, స్వరాలు కాస్త జారుతూ వస్తాయి. ఆ జారుడే ఈ పాట రుచి. వందసార్లు విన్నాక మాత్రం ముందుగా విసుగొచ్చేదీ ఇదే. ‘ఈజ్ ఇట్ లక్?’ అంతకన్నా వేగం, కానీ దానిలో సందులు ఎక్కువ, అందుకే ఎక్కువ కాలం నిలబడింది. ఏడు నిమిషాలు దాటే ‘ఫిష్ ఆన్’కు ఓపిక కావాలి. రాత్రిపూట, ఇంకో పని లేనప్పుడు పెట్టుకోవాల్సిన పాట. చిన్నచిన్న అతుకు ముక్కలు రెండోసారికి నవ్వు రప్పించవు, దాటేయండి.

ఇక శబ్దం. ‘పల్చగా ఉంది’ అనే మాటకు అసలు కారణం చాలాసార్లు వినే సాధనమే. నాలుగు తీగల బేస్‌లో అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. తీగ చిటపట మాత్రం పై శ్రుతుల్లో ఉంటుంది కాబట్టి అదొక్కటే మిగిలి, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. అప్పుడు అందరూ చేసేది బేస్ బూస్ట్ నొక్కడం. దాంతో పని ఇంకా చెడుతుంది: 60 నుంచి 100 హెర్ట్జ్ దాకా ఉబ్బి, కిక్ డ్రమ్, బేస్ ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతాయి. క్లేపూల్ వేళ్ల పని మధ్య శ్రుతుల్లో ఉంటుంది. శ్రుతుల పాళ్లు సర్దే ఈక్వలైజర్‌ను చదునుగా పెట్టండి. తప్పదనుకుంటే 250 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్ తగ్గించి, 1000 దగ్గర 2 పెంచండి, అంతకు మించొద్దు.

దానికన్నా ముందు వాల్యూమ్ పెంచి చూడాలి. 1991 నాటి సీడీ ఇప్పటి పాటలంత గట్టిగా మాస్టర్ చేసింది (చివరి శబ్ద స్థాయి దిద్దింది) కాదు. కొత్త పాటల మధ్య కలిపి పెడితే చిన్నబోతుంది. ఇయర్‌ఫోన్లలో వింటే చెవిలో రబ్బరు బిగుతుగా కూర్చుందో లేదో చూసుకోవాలి. కొంచెం సందున్నా సగం బేస్ బయటికి పోతుంది. 2013లో కొత్త స్టీరియో మిక్స్, 5.1 సరౌండ్ (చుట్టూ స్పీకర్లు పెట్టి వినే) మిక్స్‌తో మళ్లీ విడుదలైంది. అది పాత టేపుకు మెరుగు పెట్టడంతో ఆగలేదు, వాద్యాల మధ్య పాళ్లే కొత్తగా కలిపారు. కొనేటప్పుడూ స్ట్రీమింగ్‌లో పెట్టేటప్పుడూ ఏది చేతికొచ్చిందో చూసుకోండి. మొదట పాతదే వినడం మంచిది. కొత్తదానిలో ఏం కదిలిందో తెలియాలంటే పాతది చెవిలో ఉండాలి కదా.

బేస్ నేర్చుకుంటున్నవాళ్లు దీన్ని విని నేరుగా ‘టామీ’ మీద పడతారు, పది రోజుల్లో మణికట్టు నొప్పితో వదిలేస్తారు. 60 శాతం వేగంతో మొదలుపెట్టాలి. బొటనవేలు బలంగా కాకుండా చురుగ్గా తగిలి వెంటనే వెనక్కి రావాలి. ఒత్తి ఉంచితే మోత చచ్చిపోతుంది. గీరేటప్పుడు అక్కర్లేని తీగలు మోగుతుంటే తప్పు కుడిచేతిది కాదు, ఎడమచేయి తీగల మీద ఆనలేదని అర్థం. పాత తీగల మీద ఆ ఖంగుమనే మోత రాదు. 45 నుంచి 105 గేజ్ (తీగ మందం) రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) సెట్టు కొత్తది వేసుకుంటే సగం పని అయినట్టే. ‘జెర్రీ’ మామూలు ఫ్రెట్ బేస్ మీద కూడా వస్తుంది, జారుడు మాత్రం రాదు.

మాటల విషయంలో ఒక పేచీ ఉంది. ‘అమెరికన్ లైఫ్’లో వలస వచ్చినవాళ్ల బతుకు, ‘సార్జెంట్ బేకర్’లో సైన్యం, ‘బ్లూ కాలర్ ట్వీకర్స్’లో మత్తుమందు మీద పనిచేసే కూలీలు, ఇవన్నీ బరువైన సంగతులే. కార్టూన్ గొంతు వాటిని తేలిక చేస్తోందని కొందరంటారు. ‘సార్జెంట్ బేకర్’ వరకు ఒప్పుకుంటాను. ‘ట్వీకర్స్’లో మాత్రం మెల్లగా నడిచే చోటు నుంచి ఒక్కసారిగా విరుచుకుపడే చోటికి వెళ్లేటప్పుడు ఆ గొంతులో నవ్వు కనబడదు.

ఇది నచ్చితే 1990 నాటి ‘ఫ్రిజిల్ ఫ్రై’కి వెనక్కి వెళ్లండి, అందులో మెటల్ పాలు కొంచెం ఎక్కువ. 1993 నాటి ‘పోర్క్ సోడా’ ఇంకా చీకటిగా, ఇంకా మొండిగా ఉంటుంది. ‘ఎలెవెన్’ చేతి తాళానికి లొంగేదాకా దాని జోలికి పోవద్దు.